ఒంటి జంటా, ఒంటరి జంటా?

పెన్నొడ్డు: కావలిలో ఇంటర్ చదివేటప్పుడు మా కెమిస్ట్రీ సారు అమోనియా ఆకృతి మీద ఒక ఆటవెలది కట్టి పాడేవారు. "ఒంటరి జంట యున్న నొదుగును బంధముల్" దగ్గరే ఆగిపోతున్నా (బంధంలో చేరని ఎలక్ట్రాన్ల జంట గురించి). మిగతాది ఎవరికైనా గుర్తుందా?

ఒంగోలు గిత్త: ఆటవెలది మొదట్లో సూర్యగణం ఉండాలి గదా, భగణం ఎట్టా దూరిందండీ? 'ఒంటి జంట' అయ్యుంటుంది. ఆ 'రి' తీసేస్తే ఒ-నొ యతితో సహా పాదం చక్కగా కూర్చుంటుంది.

కందుకూరు పంతులు: గణం సరే, అర్థమో? ఒంటి జంటంటే ఒకే జంట. అమోనియాకి చెల్లుతుంది, బంధాల మధ్య 109.5 డిగ్రీల కోణం 107కి తగ్గింది. నీళ్ళలో ఆక్సిజన్ మీద రెండున్నాయే, 104.5! బంధంలో లేనిది కాబట్టే 'ఒంటరి'.

ఒంగోలు గిత్త: ఒంటికాయ శొంఠికొమ్ము అన్నప్పుడు లెక్క చెప్తున్నామా పంతులుగారూ?

రంగనాయకులపేట: ఒంటి జంట కావాలంటే హరిహరనాథుణ్ణి చూడండి, ఇద్దరూ ఒకే ఒంట్లో. తిక్కన పదిహేను పర్వాలూ ఆయనకే ఇచ్చాడు. ఈ జంటలు ఒకదాన్నొకటి నెట్టుకోవడాన్ని ఆయనైతే 'వికర్షణ' అనేవాడా? 'తోపులాట' అని తేల్చేసేవాడు.

ఒంగోలు గిత్త: వచ్చేశారు తిక్కన దగ్గరికి! మా ఎర్రన అరణ్యపర్వం పూరించకపోతే నన్నయకీ మీ తిక్కనకీ బంధమేదీ?

కందుకూరు పంతులు: గిలెస్పీ, నైహోమ్ అనే రసాయన శాస్త్రవేత్తలు 1957లో చెప్పిన సంగతి చూడండి. బంధ జంటని రెండు కేంద్రకాలు పట్టి లాగుతాయి, సన్నగా సర్దుకుంటుంది. ఒంటరి జంటకి ఒక్క కేంద్రకమే. ముగ్గురి సీట్లో కాళ్ళు బార్లా చాపి కూర్చునే మనిషి లెక్క, పక్కవాళ్ళని నెట్టేస్తుంది. ఈ భావమంతా 'ఒంటరి'లోనే ఉంది. నా అనుమానం, అది తేటగీతి: "జంట యొంటరి యైనచో జంకు కోణ..." గణాలు చూసుకోండి.

పెన్నొడ్డు: బాగుంది గానీ అది మీ పద్యం సార్! మా సారుది ఆటవెలదే, బల్ల మీద దరువు ఇంకా చెవిలో ఉంది. 'రి' నేనే చేర్చుకున్నానేమో.

ఒంగోలు గిత్త: చెప్పలా! పంతులుగారూ, హైడ్రోజన్ సల్ఫైడ్ కోణం 92 దగ్గరుంది. అదీ ఒక్క తోపులాటేనా?

కందుకూరు పంతులు: దానికి సీసపద్యం కావాలి, ఆటవెలది చాలదు.

రంగనాయకులపేట: అసలు 'ఒదుగును' నిజమేనా? 'నొరుగును' అన్నా గణం అదే, యతీ అదే. బంధాలు పక్కకి ఒరిగితేనే గదా కోణం మారేది!