అప్‌డేట్: ఒకే పొజిషన్‌కి రెండు చెస్ ఇంజిన్లు రెండు స్కోర్లు ఎందుకు?

స్టాక్‌ఫిష్, లీలా అనేవి ఎత్తులు లెక్కగట్టే చెస్ ప్రోగ్రాములు (ఇంజిన్లు); ఎవరిది పైచేయో స్కోరుగా చెబుతాయి. ఒకే పొజిషన్‌కి స్టాక్‌ఫిష్ +1.8, లీలా +0.7 చూపిస్తున్నాయి, ఏది నమ్మాలి అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. చిక్కుముడి చాలావరకు విడిపోయింది.

మొదటి తప్పు నాదే. లీలాని గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో నడిపాను. స్టాక్‌ఫిష్ సెకనుకు లక్షల పొజిషన్లు చూస్తుంటే, లీలా వందల్లోనే కుంటుతోంది. అసలు దాని న్యూరల్ నెట్‌వర్క్ (ఆటల నుంచి నేర్చుకుని పొజిషన్‌ని అంచనా వేసే భాగం) పెద్దది, ఒక్కో పొజిషన్‌ని తీరిగ్గా తూచి, ఆశ కనిపించిన ఎత్తుల వెంటే వెళ్తుంది. స్టాక్‌ఫిష్ ఆల్ఫా-బీటా అనే వెతుకులాట పద్ధతిలో పనికిరాని ఎత్తుల కొమ్మలు నరుక్కుంటూ చాలా లోతుకు దిగుతుంది. 2020లో దానికీ ఎన్‌ఎన్‌యూఈ అనే చిన్న నెట్‌వర్క్ తగిలించారు, అది మామూలు ప్రాసెసర్ మీదే పరుగెడుతుంది.

ఇక ఆ అంకెల సంగతి. +1 అంటే ఒక బంటు ఎక్కువ అనే ఇన్నాళ్లూ అనుకున్నాను. స్టాక్‌ఫిష్ 15.1 నుంచి +1.00 అంటే గెలిచే అవకాశం సుమారు 50 శాతం అట! లీలా గెలుపు, డ్రా, ఓటమి అవకాశాలు లెక్కగట్టి, వాటిని తన పద్ధతిలో స్కోరుగా మారుస్తుంది. అంటే నేను కిలోలనీ లీటర్లనీ పోల్చి టెన్షన్ పడ్డాను.

నిన్న రెండింట్లోనూ గెలుపు-డ్రా-ఓటమి శాతాలు ఆన్ చేసి, లీలాకి రాత్రంతా టైమిచ్చాను. రెండూ ఒకే ఎత్తు చెప్పాయి. ఆటలో నేను ఆడింది మాత్రం అది కాదు.