చిన్న లిబరల్ ఆర్ట్స్ (ఒక్క సబ్జెక్టే కాక రకరకాలవి కలిపి చదివించే) కాలేజీలో డాన్సు, పెయింటింగ్ చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

తెనాలి నాన్న: మా అమ్మాయి పన్నెండేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది, బొమ్మలూ బాగా వేస్తుంది. అమెరికాలో రెండు వేల మంది కూడా లేని ఒక కాలేజీలో సీటొచ్చింది. సగం పైన ఫీజు వాళ్లే భరిస్తారట. "ఎవరూ పేరు వినని కాలేజీ, అదీ డాన్సుకా?" అని మా బావమరిది ఒకటే పోరు. చదివినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

గజ్జెలమూట: అంకుల్, నేను అలాంటి చోటే చదివి నిరుడు బయటపడ్డా. నేను చదివినచోట కూచిపూడి చెప్పేవాళ్లే లేరు. మోడర్న్, బాలే, కొరియోగ్రఫీ, అంతే. తరంగం (పళ్లెం అంచుల మీద నిలబడి చేసే నాట్యం) చేద్దామని ఇత్తడి పళ్లెం మోసుకెళ్తే, స్టూడియో చూసుకునే ఆయన దాన్ని తిరగేసి అంచు తడిమి, నేల మీద పెట్టొద్దన్నాడు. చెక్క మీద వినైల్ పరిచి ఉంటుంది, గీత పడితే పాడైపోతుందట. చివరికి థియేటర్ వర్క్‌షాపులో నేనే ప్లైవుడ్ పలక కోసుకుని, అడుగున పాత కార్పెట్ ముక్క అంటించుకున్నా. లైట్లు కట్టడం, కాస్ట్యూములు కుట్టడం కూడా అలాగే వచ్చాయి. ఉన్నదే పిడికెడు మంది, అన్నీ అందరూ చెయ్యాల్సిందే. సెలవులకి ఇంటికొస్తే మాత్రం మా మాస్టారు ఒక్క చూపు చూసి, "అరమండి ఏదమ్మా?" అన్నారు. మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చునే ఆ భంగిమే పోయింది.

బొగ్గుముక్క: బొమ్మల సంగతి నేను చెప్తా. అక్కడిచ్చేది మామూలు బీఏ; కళలకే ప్రత్యేకమైన బీఎఫ్ఏ డిగ్రీ కాదు. బీఎఫ్ఏలో మూడింట రెండొంతులు స్టూడియోనే, ఇక్కడ దాదాపు ఒక వంతు. మిగతా టైమంతా చరిత్ర, సైన్సు, వ్యాసాలు. పొద్దస్తమానం బొమ్మలే వెయ్యాలనుకునే పిల్లకి విసుగు. కానీ క్రిట్‌లు (మన బొమ్మని అందరి ముందూ పెట్టి తప్పొప్పులు చెప్పే క్లాసులు) మాత్రం మర్చిపోలేను. మొదటిసారి నా బొగ్గు బొమ్మ గోడకి గుచ్చి, నన్ను నోరెత్తనివ్వలేదు. ఒకమ్మాయి "అందరి చేతులూ దాచేశావేం?" అంది. నిజమే, చేతులు గీయడం రాక ప్రతి ఆడమనిషికీ పైట కప్పేశా! ఆ సెమిస్టరంతా చేతులే గీశా.

ఎఫ్‌వన్ పక్షి: అసలు విషయం ఎవరూ ఎత్తడం లేదు. చదువయ్యాక ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీద అక్కడ పని చేసుకునే అనుమతి, 12 నెలలే. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) వాళ్లకిచ్చే అదనపు 24 నెలలు డాన్సుకీ పెయింటింగుకీ రావు. మేజర్ (ముఖ్య సబ్జెక్టు) ఖాయం చేసేది ఎలాగూ రెండో ఏడాది చివర్లోనే కాబట్టి, కంప్యూటర్ సైన్సు కూడా కలిపి డబుల్ మేజర్ చెయ్యమనండి. మా రూమ్మేట్ నాటకాలు మాత్రమే చదివి ఏడాదికి తిరిగొచ్చేశాడు.

గజ్జెలమూట: అందరూ కోడింగే చెయ్యాలంటే ఇక ఆ కాలేజీ ఎందుకన్నా?

ఎఫ్‌వన్ పక్షి: అద్దె కట్టేది ఎవరు తల్లీ?

రాగమాలిక: కాలేజీని బట్టి ఉంటుందండీ. కనెక్టికట్ రాష్ట్రంలోని వెస్లియన్ యూనివర్సిటీ కాస్త పెద్దదే, మూడు వేల మంది ఉంటారు గానీ, మృదంగ విద్వాన్ రంగనాథన్ గారు 1963లోనే అక్కడ పాఠం మొదలుపెట్టారు. అమెరికా వాడైన జాన్ హిగ్గిన్స్ అక్కడి విద్యార్థే, తర్వాత కర్ణాటక సంగీతం పాడి హిగ్గిన్స్ భాగవతార్ అయ్యాడు. మన త్యాగయ్య కృతులు తెలుగు రాని పిల్లలు కనెక్టికట్‌లో నేర్చుకుంటున్నారు. మీ కాలేజీ కోర్సుల జాబితా తెరిచి, గత రెండేళ్లలో నిజంగా నడిచినవేవో చూడండి. కాగితం మీదున్నవన్నీ ప్రతి ఏడాదీ పెట్టరు.

తెనాలి నాన్న: అందరికీ దండాలు. గజ్జెలమూట తల్లీ, ఆ పళ్లెం చేతిలో పట్టుకెళ్లావా, చెకిన్‌లో వేశావా?

గజ్జెలమూట: చెకిన్‌లోనే అంకుల్, రెండు పట్టుచీరల మధ్య. పచ్చడి సీసా మాత్రం దాని పక్కన పెట్టకండి.