అప్‌డేట్: 42లోంచి 17 తీస్తే 35 అన్న పిల్లల సంగతి

పోయిన నెల అడిగాను కదా, మా మూడో తరగతి పిల్లలు 42లోంచి 17 తీసేయమంటే 35 అంటున్నారని. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేస్తున్నారు. బోర్డు మీద కాదు, చేతికి ఏదైనా ఇచ్చి చూడమన్నారు మీరు.

కోనసీమలో పుల్లలకు కొదవా! పాత చీపురు విప్పి, కొబ్బరి ఈనెలను జానెడు ముక్కలు చేసి, పదేసి చొప్పున అరటినారతో కట్టించాను. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు. ముందు ఏడు ఇవ్వమంటే ఒక పాప రెండూ ఇచ్చేసి దిక్కులు చూసింది. కాసేపటికి తనే ఒక కట్ట తీసి పళ్లతో ముడి లాగింది. పుల్లలు బల్లంతా చెల్లాచెదురు. "కట్ట విప్పితే వస్తాయి టీచర్!" అని అరుపు.

ఆ రోజు నుంచి మా తరగతిలో "అప్పు తెచ్చుకోవడం" లేదు, "కట్ట విప్పడం" ఉంది. అసలు తిరిగి ఇవ్వనిది అప్పెలా అవుతుంది?

203లోంచి 78 మాత్రం ఇంకా మొండికేస్తోంది. పది కట్టలు కలిపి వందల మోపు చేశాం. మోపు విప్పాక అందులో ఒక కట్ట కూడా విప్పాలని సగం మందికి తట్టడం లేదు. ఈలోగా నార అయిపోయింది.