మాస్టర్–స్లేవ్ పేర్లు మార్చాలా, వద్దా?

పదాలపిచ్చి: మా ఓపెన్‌సోర్స్ తెలుగు నిఘంటువు సైట్‌కి నిన్న ఒక పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పులు కోడ్‌లో కలుపుకోండి అనే విన్నపం) వచ్చింది. కోడ్ ప్రధాన శాఖ, అదే బ్రాంచ్, పేరు మాస్టర్ తీసి మెయిన్, డేటాబేస్ సెట్టింగుల్లో అసలు సర్వర్‌నీ దాని కాపీనీ పిలిచే మాస్టర్–స్లేవ్ తీసి ప్రైమరీ–రెప్లికా. మొత్తం 43 ఫైళ్లు. మెర్జ్ కొట్టేయనా, అంటే కలిపేయనా?

సర్వర్ సుబ్బయ్య: కొట్టకండి. నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు చేతిలో హత్యకు గురయ్యాక అమెరికాలో ఈ గొడవ పెద్దదై, 2020 అక్టోబరు 1 నుంచి కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ కొత్త రిపోలకి (ప్రాజెక్టులకి) మెయిన్ అని పెట్టింది. వాళ్ల చరిత్ర వాళ్లది. మనకి మాస్టర్ అంటే లెక్కల మాస్టారు! ఇంకో తమాషా, నలుపు బ్లాక్‌లిస్ట్ తీసేసి అడ్డుకునే బ్లాక్‌లిస్ట్ పెట్టమంటారు. తెలుగులో రాసి చూడండి, రెండూ ఒకటే. ఈ ఓపికేదో ‘ల’కీ ‘ళ’కీ తేడా తెలియని మీ సెర్చ్ మీద పెడితే పుణ్యం వచ్చేది.

ఓరుగల్లు కోడర్: సుబ్బయ్యన్నా, మాస్టారు జోక్ మంచిగుంది గాని స్లేవ్ సంగతి దాటేసినవ్. నేనొక సర్వర్ మాన్యువల్ తెలుగులకు చేసిన. మొదలు ‘యజమాని–బానిస’ అని రాసిన. మా దిక్కు మాటల అయితే దొర–వెట్టోడు. మా తాత గడీల వెట్టి చేసినోడు. ఆ పేజీ మా నాయనకు చూపెట్ట చెయ్యి రాలే. అప్పటిదాక పదేండ్లు స్లేవ్, స్లేవ్ అని టైప్ చేసిన, ఏమనిపియ్యలే. ఇంగ్లీషు మాట కాబట్టి గుచ్చలే, అంతే. ఆఖరికి ‘అసలు–నకలు’ అని పెట్టిన. అది చేసే పని గూడ గదే కదా.

సర్వర్ సుబ్బయ్య: అసలు–నకలు బాగుంది తమ్ముడూ, ఒప్పుకుంటా. కానీ పేరు మారిస్తే ఇల్లు అద్దెకిచ్చేవాడు ‘మీరేమిట్లు’ అని అడగడం మానేస్తాడా?

ఓరుగల్లు కోడర్: మానడు. మానుతడని నేనెప్పుడన్న?

డీబీ అక్క: మార్చాలా అన్నది పక్కనపెట్టి, ఎలా అన్నది చూడండి. రెడిస్ అనే డేటాబేస్ 2018లో రెప్లికాఆఫ్ అనే కొత్త కమాండ్ తెచ్చింది, పాత స్లేవ్ఆఫ్‌నీ పనిచేయనిచ్చింది. లైనక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) 2020లో కొత్త కోడ్‌లో ఈ మాటలు వద్దంది, బయటి ప్రోగ్రాములు ఆధారపడ్డ పాత పేర్లని మినహాయించింది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 8.4లో మాత్రం కాపీ ఎలా నడుస్తోందో చెప్పే ‘షో స్లేవ్ స్టేటస్’ కమాండ్ పూర్తిగా పోయింది, ‘షో రెప్లికా స్టేటస్’ అనే అడగాలి. నేను అప్‌గ్రేడ్ చేసిన రాత్రి మా మానిటరింగ్ స్క్రిప్ట్ పాత మాటే అడిగింది. వచ్చిన ఎర్రర్‌ని మింగేసి ‘ఆలస్యం 0’ అని పచ్చగా చూపించింది. నకలు ఆగిపోయి అప్పటికే రెండు గంటలు. రిలీజ్ నోట్స్ చదవని తప్పు నాదే, పేరుది కాదు. మార్చండి, కానీ పాత పేరు కూడా రెండు రిలీజులు పనిచేయాలి, వాడినప్పుడల్లా వార్నింగ్ రావాలి.

పదాలపిచ్చి: పుల్ రిక్వెస్ట్‌ని రెండుగా చేసి పంపమన్నాను. డేటాబేస్ పేర్లు ముందు, అక్క చెప్పినట్టు వార్నింగ్‌తో. సహాయ పేజీలో అసలు–నకలు వాడుకుంటున్నా, ఓరుగల్లన్నా. బ్రాంచ్ మాత్రం ఇంకో రిలీజ్ దాకా మాస్టరే. బిల్డ్ స్క్రిప్టుల్లో ఆ పేరు 11 చోట్ల ఉంది. రాసింది నేనే, ఎందుకు రాశానో గుర్తులేదు.