ఆరు లివర్ల తాళం లొంగడం లేదు, తెలిసినవాళ్లు చెప్పరూ

మాది పర్లాకిమిడి. గొడుగులు, తాళాలు బాగుచేసే చిన్న కొట్టు, నాన్న తర్వాత నేనే చూస్తున్నాను. మామూలు పిన్ తాళాలు తీయగలను. టెన్షన్ పుల్లతో సిలిండర్‌ని కాస్త తిప్పి పట్టి, పిక్‌తో ఒక్కో పిన్నూ లేపితే టిక్కుమని వేలికి తెలుస్తుంది. (దానికి టెన్షన్ అని పేరు పెట్టారు గానీ, కస్టమర్ పక్కన నిలబడితే టెన్షన్ నాకే.)

మొన్న పాతపట్నం నుంచి ఒక మామ్మగారు ట్రంకుపెట్టె తెచ్చారు. దానికి అలీగఢ్ తాళం, మీద ఆరు లివర్లని అచ్చు (లివర్లంటే లోపల బోల్టు కదలకుండా ఆపే రేకులు). తాళంచెవి పోయింది. "పగలగొట్టకు బాబూ, మా ఆయన కొన్నది" అన్నారు. ఇంట్లో ఎవరో కొబ్బరినూనె పోశారట, లోపలంతా జిడ్డు. పెట్రోలుతో కడిగి, పెన్సిల్ ములుకు పొడి వేశాను.

లివర్ తాళంలో బోల్టునే నొక్కి పట్టాలి, ప్రతి లివరూ సరిగ్గా దాని ఎత్తులోనే ఆగాలి, ఎక్కువ లేచినా అడ్డమే. నాలుగింటి దాకా వస్తున్నాను, ఐదోది లేపేలోపు గొడుగు ఊచతో చేసిన నా పుల్ల వంగిపోతోంది, అన్నీ మళ్లీ కిందికి.

పుల్లకి హాక్సా బ్లేడు అరగదీస్తే ఆగుతుందా? ఎంత మందం ఉంచాలి? లేకపోతే పళ్లు కోయని ఖాళీ చెవికి దీపం మసి పట్టించి, తాళంలో పెట్టి తిప్పి, చెవి మీద గుర్తులు పడ్డచోట ఆకురాయితో అరగదీయడమే మేలా? ఆవిడ ఆదివారం సంతకొచ్చినప్పుడు పెట్టె పట్టుకెళ్తానన్నారు.