కొత్తపట్నం వైపు గ్యాస్ బావి తవ్వితే మా నీళ్ల సంగతేంది?

దొరువు రైతు (కొత్తపట్నం మండలం) – ప్రశ్న

అందరికీ నమస్కారం. మా ఊరి పక్క పొలాల్లో ఈమధ్య సర్వే వాళ్లు తిరిగారు. పొడుగ్గా వైర్లు పరిచి, వాటికి తగిలించిన మేకుల్లాంటివి ఇసకలో గుచ్చి, ఏదో చూసుకుని వెళ్లిపోయారు. అడిగితే ఆయిల్, గ్యాస్ కోసం అన్నారు. అంతకు మించి నోరు విప్పలేదు. అప్పట్నుంచి ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. ఫ్రాకింగ్ చేస్తారట, బావికి కోట్ల లీటర్ల నీళ్లు లాగేస్తారట, బోర్లన్నీ ఎండిపోతాయట.

నాకు మూడెకరాల రొయ్యల గుంటలు, ఇంకో ఎకరంన్నర ఇసక నేల ఉన్నాయి. ఆ నేలలో దొరువు (ఇసకలో తవ్వుకున్న లోతులేని నీటి గుంట) నీళ్లతోనే మిరప, కూరగాయలు వేస్తాం. కాస్త ఎక్కువ తోడితే ఉప్పు తగిలే చోటు మాది. నిజంగా భయపడాల్సిందేనా? ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి. ఫార్వర్డులు మాత్రం వద్దు, అవి మా దగ్గర కావాల్సినన్ని ఉన్నాయి.

సంతపేట కుర్రోడు (ఒంగోలు)

మా మేనమామ వాళ్లది కోనసీమ. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ గురించి ఇప్పటికీ చెప్తుంటాడు, 65 రోజులు మండిందట. ఒప్పుకోవద్దన్నా. ఒకసారి దిగారంటే మళ్లీ లేవరు.

కావలి అబ్బాయి (ప్రస్తుతం మిడ్‌లాండ్, టెక్సస్)

పాశర్లపూడి వేరే కథ తమ్ముడూ. అక్కడ బావిలో ప్రెషర్ అదుపు తప్పి గ్యాస్ అంటుకుంది. అన్న అడుగుతున్నది నీళ్ల గురించి.

మాది కావలి దగ్గర పల్లె, నాన్నవీ రొయ్యల గుంటలే. నేను ఇక్కడ టెక్సస్ ఆయిల్ ప్రాంతమైన పర్మియన్ బేసిన్‌లో, ఆయిల్ బావుల్లోంచి వచ్చే నీళ్లను శుభ్రం చేసి మళ్లీ వాడకానికి పంపే ప్లాంటులో పనిచేస్తున్నా. మన ఆయిల్, గ్యాస్ దొరికే కృష్ణా-గోదావరి బేసిన్ దక్షిణపు అంచు ఒంగోలు దాకా వస్తుంది, కాబట్టి సర్వేలో వింతేం లేదు. సర్వే చేసిన ప్రతిచోటా బావి పడదు. పడ్డ ప్రతి బావికీ ఫ్రాకింగ్ ఉండదు. రాయి బిగుసుకుపోయి గ్యాస్ దానంతట అది కదలనప్పుడే, నీళ్లూ ఇసకా కలిపి విపరీతమైన ప్రెషర్‌తో కొట్టి సందులు తెరుస్తారు, అదే ఫ్రాకింగ్. కొట్టే దాంట్లో నూటికి 98 పాళ్లకు పైగా నీళ్లూ ఇసకే. మిగతాది రసాయనాలు.

ఇక ఎన్ని నీళ్లంటారా, అమెరికా జియలాజికల్ సర్వే లెక్క ప్రకారం 2014లో అడ్డంగా తిప్పిన ఒక ఆయిల్ బావికి సగటున 15,000 ఘనపు మీటర్ల పైచిలుకు పట్టింది. అంటే కోటిన్నర లీటర్లు. దానికి నాలుగింతలు పట్టే బావులూ ఉన్నాయి. మన లెక్కలో కోటిన్నర అంటే అయిదడుగుల నీళ్లు పెట్టిన రెండున్నర ఎకరాల గుంట. మీ మూడెకరాలకు ఒకసారి నింపుకునేదాని కంటే తక్కువే.

అట్టాగని తేలిగ్గా తీసుకోవద్దు. మీ గుంటల్లోకి వచ్చేది ఉప్పునీరు. అదే కోటిన్నర లీటర్లు ఇసకలో పైపైన తేలే మంచినీటి పొరలోంచి కొద్ది రోజుల్లో గుంజితే, మీ దొరువు ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. అసలు ఈ పనికి మంచినీళ్లే కావాలన్న రూలేం లేదు. ఉప్పునీళ్లలోనూ పనిచేసే రసాయనాలు ఎప్పుడో వచ్చాయి. మా ప్లాంటు నడిచేదే అందుకు, పాత బావుల నీళ్లు కొత్త బావికి పోతాయి. మన దేశంలోనే బార్మేర్‌లో మంగళ ఆయిల్ ఫీల్డు ఉంది చూడండి. ఆయిల్‌ను నెట్టడానికి భూమిలోకి ఎక్కించే నీళ్ల కోసం తుంబ్లీ దగ్గర లోతున ఉన్న ఉప్పునీళ్లు తోడుకుంటారు. అది ఫ్రాకింగ్ కాదు గానీ, ఎడారిలో తాగే నీళ్ల జోలికి పోకుండా ఆయిల్ తీయొచ్చని తెలుస్తుంది. కాబట్టి 'దొరువుల పొరలోంచి చుక్క తీయం' అని కాగితం మీద రాసివ్వమనడం అత్యాశేం కాదు.

నన్నడిగితే అసలు టెన్షన్ పడాల్సింది పైకొచ్చే నీళ్ల గురించి. దాని మీద మీ వాట్సాప్‌లో ఒక్క మెసేజీ వచ్చి ఉండదు. పర్మియన్‌లో ఒక పీపా ఆయిల్‌తో మూడు నాలుగు పీపాల నీళ్లు వస్తాయి. గ్యాస్ బావుల్లో సాధారణంగా అంత రావు. కోట్ల ఏళ్లుగా రాతిలో ఊరిన నీళ్లవి. కొట్టడం కొన్నాళ్లలో అయిపోతుంది, రావడం మాత్రం బావి నడిచినన్నాళ్లూ ఆగదు.

ఒకసారి సరదాకి నాన్న రిఫ్రాక్టోమీటర్ (నీళ్లలో ఉప్పెంతో చూసేది, ఉప్పు పెరిగేకొద్దీ నీలం తగ్గి తెలుపు పైకి పోతుంది) ఇక్కడికి పట్టుకొచ్చా. గ్లౌజులేసుకుని ఆ నీళ్లు ఒక చుక్క గాజు మీద వేసి, మూత మూసి, వెలుతురు వైపు తిప్పి చూస్తే నీలం కనపడలేదు. పైనుంచి కింది దాకా తెలుపే. ఆ పరికరం 100 పీపీటీ (వెయ్యి పాళ్లలో ఉప్పు పాళ్లు) దాకానే కొలుస్తుంది. సముద్రం 35. మా ప్లాంటుకొచ్చే నీళ్లు 120, 150 కూడా ఉంటాయి.

అది నేల మీద పడితే ఏమవుతుందో కూడా చూశా. ఒక కంపెనీ పైపు జాయింటు రాత్రిపూట ఊడి బాట పక్కన పారింది. గడ్డి మాడిపోయింది, పైన తెల్లటి పొర కట్టింది, కింద బంకమట్టి బిగుసుకుని వాన నీళ్లు ఇంకడం మానేశాయి. బాగుచేయడానికి లారీలో ఏం తెచ్చారో తెలుసా? జిప్సం! మన చౌడు కయ్యలకు చల్లేదే. ఆయిల్ ఒలికిన మట్టిని సూక్ష్మజీవులైనా మెల్లగా తింటాయి, ఉప్పును ఏదీ తినదు.

మళ్లీ వాడగా మిగిలిన నీళ్లను లోతు బావుల్లోకి ఎక్కిస్తారు. అక్కడ మోతాదు మించితే భూమి కదులుతుంది. ఓక్లహామాలో 2016లో పానీ అనే ఊరి దగ్గర 5.8 భూకంపం వచ్చాక చుట్టుపక్కల ఇంజెక్షన్ బావుల్ని ఆపించారు. ఒంగోలుకు 1967లోనే 5.4 వచ్చింది, కాబట్టి ఈ ప్రశ్న మన దగ్గరా అడగదగిందే.

దొరువు రైతు

చాలా థ్యాంక్స్ అబ్బాయ్. ఒక డౌటు, నవ్వకండి. ఉప్పునీళ్లే కదా, మంచినీళ్లు కలిపి పలచన చేసుకుని గుంటల్లోకి వదులుకోవచ్చా? మా ఊళ్లో ఒకాయన అప్పుడే బేరం లెక్కలు వేస్తున్నాడు.

కావలి అబ్బాయి

నవ్వలేదు గానీ ఆయన్ని ముందు ఆపండి. పర్మియన్ నీళ్లలో లీటరుకు వందల మిల్లీగ్రాముల అమ్మోనియా ఉండటం మామూలే. గుంటలో ఒక మిల్లీగ్రాము చూస్తేనే మనవాళ్లు రాత్రంతా ఎయిరేటర్లు తిప్పుతారు. దానికి తోడు బేరియం, స్ట్రాన్షియం, కొన్నిచోట్ల రేడియం, కరిగిన ఆయిల్. మామూలు ఆర్‌ఓ అయితే 70 పీపీటీ చుట్టుపక్కల చేతులెత్తేస్తుంది. ఆ పైన నీళ్లను ఆవిరి చేసి పట్టుకోవాలి. ఆ ఖర్చు రొయ్య ధర మోయదు. పైగా మిగిలిన ఉప్పు గుట్టను ఎక్కడ పోస్తారు?

రిటైర్డ్ ల్యాబ్ మాస్టారు (ఒంగోలు)

కావలి అబ్బాయి బాగా చెప్పాడు. మన రూల్స్ నేను చెప్తాను. ఆయిల్ డ్రిల్లింగ్ వ్యర్థజలాలు నేల మీద వదలాలంటే టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) లీటరుకు 2,100, క్లోరైడ్ 600, ఆయిల్-గ్రీజు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. పాడుబడ్డ బావిలోకి ఎక్కించాలంటే భూమట్టానికి 1,000 మీటర్ల కిందకే. రూలు కాగితం మీద గట్టిదే. చూసేవాళ్లు ఉండాలి.

ఊళ్లో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. 2020 జనవరి నుంచి నేల మీద అన్వేషణ బావులను పర్యావరణ అనుమతుల్లో బీ2 కేటగిరీలో వేశారు, వాటికి ప్రజాభిప్రాయ సేకరణ లేదు. గ్యాస్ దొరికి ఉత్పత్తి దశకు వెళ్లినప్పుడే ఉంటుంది. అంటే మొదటి బావి మీరు మైకు పట్టుకోకముందే పడిపోతుంది. అందుకే ఇప్పుడే మీ బోరు, దొరువు నీళ్లు పరీక్ష చేయించి రిపోర్టు దగ్గర పెట్టుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే 'మీ నీళ్లు ముందునుంచే ఉప్పు కదా' అనే మాట మొదట వస్తుంది. మన తీరంలో అది చాలా సులువుగా అతికే మాట.

దొరువు రైతు

మాస్టారూ, ఏమేం చేయించమంటారు? ఆక్వా ల్యాబ్‌లో చేస్తారా?

రిటైర్డ్ ల్యాబ్ మాస్టారు

ఆక్వా ల్యాబ్ రిపోర్టు గుంటకు పనికొస్తుంది, గొడవకు పనికిరాదు. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌ల ప్రమాణాలు చూసే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి ఇవ్వండి. టీడీఎస్, క్లోరైడ్, సోడియంతో పాటు బేరియం, స్ట్రాన్షియం, బ్రోమైడ్ అడగండి. లోతు నీళ్లు కలిశాయా, సముద్రం నీళ్లు కలిశాయా అన్నది వాటి నిష్పత్తులే పట్టిస్తాయి. బోరు నీళ్లలో మీథేన్ గ్యాస్ ఉందేమో కూడా పరీక్ష చేయించండి. గ్యాస్ బావి కేసింగ్ (లోపల దించే ఉక్కు గొట్టం) చుట్టూ సిమెంటు సరిగా పడకపోతే గ్యాస్ ఆ సందులోంచే పైకొస్తుంది. వేసవిలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి చేయించండి. మీ దొరువు ఉప్పు ఆ రెండు కాలాల్లో ఒకేలా ఉండదు. శాంపిల్ ల్యాబ్ మనిషే వచ్చి తీసుకుంటే మేలు. ఖర్చు ఎక్కువ అనిపిస్తే పదిమంది రైతులు కలిసి ఊరికి నాలుగు వైపులా వైపుకొక బోరు ఎంచుకోండి.