పాత కారుకు టైర్లు మార్చాలి: ఎక్కడ కొనడం మేలు?

పాతబండి

అందరికీ నమస్కారం. పద్నాలుగేళ్లు నిండిన హ్యాచ్‌బ్యాక్, ఫ్రంట్ వీల్ డ్రైవ్. టైరు సైజు 175/65 ఆర్14 82టీ, ట్యూబ్‌లెస్, స్టీలు రిమ్ములు. ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లకు మించి తిరగదు. ఇంకో మూడు నాలుగేళ్లు వాడుకోవాలని ఉంది.

ముందు టైర్లు రెండూ లోపలి అంచున నున్నగా అయిపోయాయి. బయటి అంచున మాత్రం ఇంకా 4 మిల్లీమీటర్ల గాడి ఉంది. వెనకవాటికి ట్రెడ్‌కు (రోడ్డును తాకే గాడుల భాగం) లోటు లేదు గానీ తయారై ఏడేళ్లు దాటింది, గాడుల అడుగున సన్నటి పగుళ్లు కనబడుతున్నాయి.

కొనడానికి నాలుగు దారులున్నాయి: కారు కంపెనీ సర్వీస్ సెంటర్, అన్ని బ్రాండ్లూ అమ్మే టైర్ల దుకాణం, ఆన్‌లైన్‌లో కొని బయట బిగించుకోవడం, కొద్దిగా వాడిన టైర్లు తీసుకోవడం. పాత బండి మీద ఎక్కువ పెట్టడం దండగని ఒకరంటే, టైర్ల దగ్గర పిసినారితనం పనికిరాదని ఇంకొకరు అంటున్నారు. రెండే మార్చాలా, నాలుగూ మార్చాలా? ఎక్కడ తీసుకోవాలి?

నట్టుబోల్టు

దుకాణం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ లోపలి అరుగుదల ఎందుకొచ్చిందో తేల్చండి. అది తేలకపోతే ఎక్కడ కొన్నా, ఎంత పెట్టి కొన్నా కొత్తవి కూడా అదే అంచున పోతాయి.

గాలి ఎక్కువైతే టైరు మధ్యలో అరుగుతుంది, తక్కువైతే రెండంచులూ అరుగుతాయి. లోపలి అంచు ఒక్కటే పోయిందంటే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) అయినా తప్పి ఉండాలి, క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం నిలువుకు ఉన్న వాలు) అయినా లోపలికి వాలి ఉండాలి. తేడా పట్టుకోవడానికి అరచేత్తో ట్రెడ్‌ను అడ్డంగా నిమరండి, ఒకసారి లోపలి నుంచి బయటికి, మరోసారి బయటి నుంచి లోపలికి. ఒక దిశలో మెత్తగా జారి రెండో దిశలో అంచులు గరుగ్గా తగిలితే టో. రెండు దిశల్లోనూ మెత్తగానే ఉండి, ట్రెడ్ వాలుగా అరిగి కనిపిస్తే క్యాంబర్. లోపలి అంచున ఉక్కు తీగలు తేలాయేమో ముందు కంటితో చూసుకోండి, చెయ్యి కోసుకుంటుంది. తీగలు కనిపిస్తే ఆ టైరుతో ఇక బండి తియ్యకండి.

ఈ వయసు బండిలో కొలతలు తప్పడానికి ఎక్కువగా కారణం లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, అంటే చక్రాన్ని పట్టి ఉంచే, తిప్పే కీళ్లు. ముందు చక్రాన్ని జాకీతో లేపి, కింద స్టాండు పెట్టి, గడియారంలో 9, 3 ఉండే చోట పట్టుకుని ఊపండి. కదలిక ఇక్కడ మాత్రమే ఉంటే చాలావరకు టై రాడ్ వైపు లూజు. తర్వాత 12, 6 దగ్గర పట్టుకుని ఊపండి. అక్కడ కదిలితే ఒకరిని బ్రేకు తొక్కి ఉంచమని మళ్లీ ఊపండి. కదలిక ఆగిపోతే బేరింగు, ఆగకపోతే బాల్ జాయింట్. బుష్ పగుళ్లు ఇలా బయటపడవు, కింద నుంచి టార్చి వేసి రబ్బరు చూడాల్సిందే.

పని వరస ఇది: ముందు అరిగిన విడిభాగాలు, తర్వాత టైర్లు, చివర అలైన్‌మెంట్ (మెషీన్ మీద చక్రాల కోణాలు సరిచేయడం). లూజు జాయింట్ల మీద అలైన్‌మెంట్ చేయిస్తే తెర మీద అంకెలు పచ్చగా కనిపిస్తాయి, రెండు గుంతలు దాటగానే మళ్లీ తప్పుతాయి.

ఇప్పుడు మీ నాలుగు దారులు. వాడిన టైర్లను జాబితాలోంచి కొట్టేయండి. గాలి లేకుండా కొంత దూరం నడిచిన టైరు బయటికి బాగానే కనిపిస్తుంది. లోపలికి వేలు పెట్టి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) తడిమితే నల్లటి రబ్బరు పొడి అంటుతుంది, చుట్టూ గీసినట్టు ఒక వలయం కనిపిస్తుంది. అలాంటిది వేగం మీద పేలిపోవచ్చు. రిమ్ముకు ఎక్కించాక ఆ లోపలి వైపు మీకు కనపడదు.

సర్వీస్ సెంటర్‌లో లాభం ఒక్కటే, సస్పెన్షన్, టైర్లు, అలైన్‌మెంట్ ఒకే చోట అవుతాయి. పనిలో తేడా వస్తే అడగడానికి ఒకే మనిషి ఉంటాడు. పాత మోడల్ టైర్లు వాళ్ల దగ్గర నిల్వ ఉండటం అరుదు, బ్రాండ్ల ఎంపిక కూడా తక్కువే. మీకు బాల్ జాయింటో బుష్షో పోయిందని తేలితే అక్కడికి వెళ్లడంలో అర్థం ఉంది. కింద అన్నీ గట్టిగా ఉంటే, అలైన్‌మెంట్ మెషీన్ సొంతంగా ఉండి అమ్మకాలు బాగా ఉన్న టైర్ల దుకాణమే నయం.

రెండా నాలుగా అంటే నాలుగూ మార్చండి. ట్రెడ్ ఉన్నా గాడి అడుగున పగుళ్లు వచ్చాయంటే రబ్బరు గట్టిపడింది. తడి రోడ్డు మీద దాని పట్టు మీరనుకున్నంత ఉండదు.

వారం_ఏడాది

పైన చెప్పినదానికి తయారీ తేదీ సంగతి కలుపుతాను. పాత సైజు కొనేవాళ్లకు అసలు చిక్కు అక్కడే. ఎక్కువ అమ్ముడుపోయే సైజులైతే దుకాణంలో నిలబడవు. గిరాకీ తగ్గిన సైజులు అరల్లో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. కొత్త టైరే, ఒక్క కిలోమీటరు తిరగలేదు, కానీ వయసు అయిపోతూనే ఉంటుంది.

సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ ఉంటుంది. దాని చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. ఈ అంకెలు చాలా టైర్లకు ఒక పక్కనే అచ్చవుతాయి. ఒక వైపు కనపడకపోతే తిప్పించి రెండో వైపు చూడాలి.

ఫోన్ చేసినప్పుడు మొదటి ప్రశ్న రేటు గురించి అడగకండి. "ఈ సైజులో నాలుగూ ఉన్నాయా, తేదీ ఏంటి?" అని అడగండి. లోపలికెళ్లి చూసి చెప్పేవాడు ఒక రకం, "అంతా ఫ్రెష్ స్టాకే" అని కూర్చున్నచోటు నుంచే చెప్పేవాడు ఇంకో రకం. దుకాణానికి వెళితే టైర్లు ఎక్కడ పెట్టారో కూడా చూడండి. ఎండలో, ఇంజిన్ నూనెల పక్కన, పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి ఎత్తుగా పేర్చినవాటి కన్నా నీడలో అరల మీద నిలబెట్టినవి నయం.

ఆన్‌లైన్‌లో కొంటే తేదీ మన చేతిలో ఉండదు. కొన్నిచోట్ల తేదీ ముందే చెబుతారు, లేదా పాతవి వస్తే వెనక్కి తీసుకుంటామని రాసి ఇస్తారు. ఆ మాట లేనిచోట వద్దు. ఇంకో ఇబ్బంది, బిగించాక వణుకు వస్తే అమ్మినవాడు బిగించినవాడిని చూపిస్తాడు, బిగించినవాడు టైరులోనే లోపం అంటాడు. ఆన్‌లైన్ రేటు పక్కన బిగింపు, బ్యాలెన్సింగ్, వాల్వులు, అలైన్‌మెంట్, పాత టైర్లు తీసుకెళ్లే ఖర్చు కూడా వేసి దుకాణం మొత్తంతో పోల్చండి. చాలాసార్లు తేడా కరిగిపోతుంది.

ఎలాంటి టైరు అన్నది కూడా చెబుతాను. మీ వాడకానికి లక్ష కిలోమీటర్లు నడిచే గట్టి రబ్బరు టైరు అనవసరం. నాలుగేళ్లకు మీరు తిరిగేది 24 వేలే. మీ టైరు అరిగి పోదు, వయసైపోయి పోతుంది. తడి రోడ్డు మీద బాగా ఆగే టైరుకు డబ్బు పెట్టండి. సైడ్‌వాల్ మీద ట్రాక్షన్ గ్రేడు అచ్చై ఉంటే ఎ (A) లేదా ఎఎ (AA) ఉన్నది చూడండి, అది తడి రోడ్డు మీద తిన్నగా ఆగే శక్తికి ఇచ్చే గ్రేడు.

పాతబండి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఊపి చూశాను, ఎడమ బాల్ జాయింట్ లూజుగా ఉంది, అది ముందు మార్పిస్తాను. ఒక టైర్ల దుకాణంలో మూడు మాటలు చెప్పారు. ఒకటి, మీ సైజులో రెండేళ్ల కిందటి స్టాకు ఉంది, తగ్గించి ఇస్తాం. రెండు, 185/65 ఆర్14 వేస్తే పట్టు ఇంకా బాగుంటుంది, రిమ్ముకు సరిపోతుంది. మూడు, డబ్బు సర్దుబాటు కాకపోతే ఇప్పుడు రెండు కొని ముందు వేసుకోండి, లాగేది ముందు చక్రాలే కదా అన్నారు. ఏది నమ్మాలి?

గాడిలోతు

మూడోదాంతో మొదలుపెడతాను, ప్రమాదం అందులోనే ఉంది. రెండే కొంటే కొత్తవి వెనక వెయ్యాలి, ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయినా సరే. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే బండి తిన్నగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు తిరిగి చేతికొస్తుంది. వెనక టైర్లు జారితే తోక తిరిగిపోతుంది, మామూలు డ్రైవరు దాన్ని ఆపలేడు. మీ విషయంలో అయితే ఇంకో చిక్కు ఉంది. ముందువి అరిగాయి, వెనకవి పగిలాయి. కొత్త రెండూ వెనక వేస్తే ఆ పగిలినవే ముందుకు రావాలి. కాబట్టి రెండు అన్న మాటే వద్దు.

ఇక సైజు లెక్క. సైజులో మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది పక్క గోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో, చివరిది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. టైరు మొత్తం ఎత్తు అంటే ఆ పక్క గోడ ఎత్తుకు రెండింతలు, దానికి రిమ్ము వ్యాసం కలపాలి. 175లో 65 శాతం 113.75, రెండింతలు 227.5. 14 అంగుళాలంటే 355.6. మొత్తం 583.1 మిల్లీమీటర్లు. 185/65 ఆర్14 అయితే 596.1. అంటే 2.2 శాతం పెద్దది. స్పీడోమీటరు 80 చూపినప్పుడు బండి అంతకుముందు కంటే 2.2 శాతం ఎక్కువ వేగంతో పోతుంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు వీల్ ఆర్చ్ లైనర్‌కు (చక్రం పైనున్న ప్లాస్టిక్ కవచం), స్ట్రట్‌కు (స్ప్రింగు ఉండే సస్పెన్షన్ కడ్డీ) రాసుకునే అవకాశం పెరుగుతుంది. పాత బండిలో స్ప్రింగులు కుంగి ఉంటే, నిండా మనుషులు ఎక్కినప్పుడు ఇంకా ఎక్కువ. పైగా చిన్న ఇంజిను, లాగడం కొంచెం బరువెక్కుతుంది. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరులోనో, ఓనర్స్ మాన్యువల్లోనో 185 కూడా రాసి ఉంటేనే ఆలోచించండి. లేకపోతే ఆ స్టాకు వాళ్ల దగ్గర ఉంది కాబట్టి చెబుతున్నారనే అనుకోవాలి.

82టీలో 82 అంటే ఒక్కో టైరు 475 కిలోలు మొయ్యగలదని, టీ అంటే గంటకు 190 కిలోమీటర్ల వరకని. దీనికి తగ్గింది ఎవరిచ్చినా వద్దు, ఎక్కువైతే ఫర్వాలేదు.

రెండేళ్ల స్టాకు విషయంలో నేను మరీ కచ్చితంగా ఉండను. మీరు బండి ఉంచుకునేది నాలుగేళ్లు. అప్పటికి టైరు వయసు ఆరు. నీడలో నిలబెట్టి ఉంచినవై, నాలుగింటి తేదీలూ దగ్గరదగ్గరగా ఉండి, ధర గట్టిగా తగ్గిస్తే తీసుకోవచ్చు. అయిదో ఏడు దాటాక ఏటా ఒకసారి లిఫ్టు మీద చూపించుకోవాలి. నామమాత్రంగా తగ్గిస్తే మాత్రం కొత్త స్టాకు తెప్పించమనండి, నాలుగు రోజులు ఆగితే పోయేదేం లేదు. మూడేళ్లు దాటిన స్టాకైతే ఎంత తగ్గించినా వద్దు.

బీడుహీరో

ఎక్కడ కొన్నా బిగించేటప్పుడు పక్కన నిలబడండి. పాత రిమ్ముల దగ్గర తొందరపడే దుకాణమే ఎక్కువ నష్టం చేస్తుంది.

పాత టైరు తీయగానే రిమ్ము అంచు లోపలివైపు, టైరు బీడు (రిమ్మును పట్టుకునే గట్టి అంచు) ఆనే చోటు చూడండి. పద్నాలుగేళ్ల స్టీలు రిమ్ముకు అక్కడ తుప్పు పొక్కులు, పాత రబ్బరు అతుకులు ఉంటాయి. వైరు బ్రష్‌తో గీకి, బట్టతో తుడిచి, అవసరమైతే బీడ్ సీలర్ పూయాలి. అది చెయ్యకపోతే వారానికి రెండు మూడు పీఎస్ఐ తగ్గుతూ ఉంటుంది, పంక్చరు ఎంత వెతికినా దొరకదు. రిమ్ము అంచు వంగి ఉంటే బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పినప్పుడే తెలిసిపోతుంది, అప్పుడే ఆపించండి.

రబ్బరు వాల్వులు నాలుగూ కొత్తవి వేయించండి, ఇందులో బేరం వద్దు. పాత వాల్వును వేలితో పక్కకు వంచితే మొదట్లో పగుళ్లు విచ్చుకుంటాయి. అక్కడి నుంచి గాలి పోతే మళ్లీ టైరు విప్పాల్సిందే. ప్రెజర్ సెన్సార్లు ఉన్న బండి అయితే వాటి సీళ్లు మార్చాలి, బ్యాటరీ వయసు కూడా అడగాలి.

టైరు ఎక్కించి గాలి కొట్టాక రిమ్ము పక్కన సైడ్‌వాల్ మీద సన్నటి గీత ఒకటి చుట్టూ కనిపిస్తుంది. రిమ్ముకు, ఆ గీతకు మధ్య సందు చుట్టూ ఒకేలా ఉంటే బీడు సరిగ్గా కూర్చున్నట్టు. ఒకచోట గీత లోపలికి దిగిపోతే కూర్చోలేదు. దాన్ని కూర్చోబెట్టడానికి 40 పీఎస్ఐ దాటించకూడదు. గాలి తీసి, సబ్బు నీళ్లు రాసి మళ్లీ కొట్టాలి.

బ్యాలెన్సింగ్‌లో బరువులు పెట్టాక ఇంకోసారి తిప్పి సున్నా చూపించమనండి. చిన్న చక్రానికి 60 గ్రాముల కంటే ఎక్కువ అడుగుతుంటే టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడాలి.

చక్రం ఎక్కించే ముందు హబ్ (చక్రం బిగించే భాగం) ముఖం మీది తుప్పు గీకాలి. తుప్పు పొర మధ్యలో ఉంటే చక్రం తిన్నగా కూర్చోదు, బ్యాలెన్సింగ్ బాగున్నా స్టీరింగ్ వణుకుతుంది. నట్లు ముందు చేత్తో ఎక్కించి, ఎదురెదురు వరసలో బిగించి, చివర టార్క్ రెంచితో ముగించాలి. ఎంత టార్కో మీ మాన్యువల్లో ఉంటుంది, చిన్న కార్లకు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య. ఎయిర్ గన్నుతో చివరిదాకా కొట్టేస్తే పాత స్టడ్లు (నట్లు ఎక్కే బోల్టులు) సాగుతాయి, రేపు దారిలో స్టెప్నీ మార్చాల్సి వస్తే మీ స్పానరుకు నట్టు ఊడదు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి టార్క్ చూసుకోవాలి. దానికి రమ్మని తామే చెప్పే దుకాణం దొరికితే కాస్త రేటు ఎక్కువైనా అక్కడే తీసుకోండి.

నైట్రోజన్‌కు విడిగా డబ్బు అడిగితే వద్దనండి. మామూలు గాలిలోనే 78 శాతం అదే.

వారం_ఏడాది

బిల్లు మీద బ్రాండు, సైజు, నాలుగు టైర్ల డాట్ నంబర్లు రాయించుకోండి. తయారీ లోపం బయటపడితే వారంటీకి అవే ఆధారం. అలైన్‌మెంట్ కాగితం ముందువి, తర్వాతవి రెండు కొలతలూ ఉన్నది అడగండి. చాలా చిన్న కార్లలో ముందు టో ఒక్కటే సర్దుబాటు అవుతుంది. కాగితం మీద క్యాంబర్ ఇంకా ఎర్రగానే (కొలత తప్పిందన్న గుర్తు) ఉంటే జాకీతో వంచి సరిచేస్తామంటారు, ఒప్పుకోకండి. బాల్ జాయింట్ మార్చాక కూడా అలా ఉందంటే ఆర్మో స్ట్రట్టో వంగి ఉండాలి.

స్టెప్నీ తేదీ కూడా ఇదే పనిలో చూసేయండి. బండితో పాటు వచ్చినదే అయితే దానికీ పద్నాలుగేళ్లు. టైరు కంపెనీలు చాలావరకు పదేళ్లు దాటితే స్టెప్నీ అయినా వాడొద్దంటాయి, ట్రెడ్ ఎంత ఉన్నా. ఇప్పుడు తీసే నాలుగింటిలో దాని స్థానానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు కాబట్టి అయిదో టైరు రేటు కూడా కలిపి అడగండి.